చిటికెన వేలంత గొట్టం

ఇబ్రీ సనయ్యల పదకొండో నంబరు షెడ్డు.
పొద్దున ఆరున్నరకే పైన రేకు కాలుతున్నది.
హమూద్ ముసలాయన బండిని
ఇంకో బండికి తాడు కట్టి లాక్కొచ్చిండు,
అంగట్ల అమ్ముడుపోని కోడెను ఇంటికి తెచ్చినట్టు.

నిస్సాన్ పెట్రోల్. రెండువేల నాలుగు మోడలు.
ఇక్కడోళ్ల నోట్ల 'ప' పలకదు, బత్రోల్ అంటరు.
పేరంతా పెట్రోలే గాని
ఇంజను గొంతుల చుక్క లేదు.

ఒంటె తప్పిపోతే దేవులాడబోయిండట.
ఇసుక దిబ్బల అవుతల మెయిన్ ట్యాంకు ఎండింది.
సబ్ ట్యాంకు బటను ఒత్తిండు. పచ్చ లైటు వెలిగింది.
వెలిగింది, అంతే.
వెనక కడుపుల నలభై లీటర్లు పెట్టుకొని
రాత్రంతా బండి దూపకు పండుకున్నది, పక్కన తను.
తెల్లారి ఒంటె తనంతల తనే వచ్చి
బంపరు వాసన చూసిందట.
ఆ ముక్క చెప్పేటప్పుడు మాత్రం నవ్విండు.

నాకు పని నేర్పింది గుల్ జమాన్ ఉస్తాద్.
"ముందు చెవి పెట్టు, తర్వాత పానా పట్టు" అనేటోడు.
పోయినేడు పెషావర్ పోయి మళ్ల రాలే.
ఆయన పదో నంబరు పానా నా దగ్గర్నే ఉన్నది,
అంచులు అరిగి పదిన్నర అయింది.

బండి కిందికి దూరిన.
ఫ్యూజు తీసి వెలుతురుకు పట్టిన, తీగ తెగలే.
రిలే టిక్కుమన్నది, మాట నిజమని బల్లి పలికినట్టు.
పంపు మీద అరచెయ్యి ఆనించిన.
మూలుగుతున్నది. పానం ఉన్నది.
పీలుస్తున్నది, మింగుడు పడుతలేదు.

కొత్త పంపు ముప్పై ఎనిమిది రియాళ్లు.
ఓనరు దూరంకెల్లి కనుబొమ్మ ఎగరేసిండు: మార్చెయ్.
నేను బండి కిందనే ఉన్న,
కనుబొమ్మలు కనబడని చోట.

ఇగ ఏం తోచక
లేచి సబ్ ట్యాంకు మూత తిప్పిన.
బుస్సు!
గాలి లోపలికి పోయింది.
నీళ్లల్ల మునిగి తేలినోడు
గుండెనిండ పీల్చుకున్నట్టు.
పంపు గొంతు మారింది,
రబ్బరు పైపు నా వేళ్ల కింద సల్లబడ్డది.

పెట్రోలు పోయిన జాగల గాలి వచ్చి కూసోవాలె.
రాకుంటే ఉన్నది ఉన్నకాడనే బిగుసుకుంటది,
ఎంత ఉంటే ఏంది.
నేను గూడ శుక్రవారం కోరుట్లకు ఫోను చేసి
"మంచిగున్న" అంట.
పచ్చ లైటు.

ఊపిరి గొట్టం దొరికింది, వెనక చక్రం గుంట పైన.
చిటికెన వేలంత. దాని నోట్ల మన్ను,
ఎండీ ఎండీ పింగాణీ అయిన మన్ను.
సన్న తీగతోని గీకితే రాలి అరచేతిల పడ్డది:
కందిరీగ కట్టిన గూడు.
వాన మొఖమెరుగని ఈ నేల మీద
ఏ ఏసీ కింద కారిన చుక్క తెచ్చి పిసికిందో.
లోపల నాలుగు సాలీళ్లు, సావలే, కదలలేవు.
వాటి నడుమ తెల్లగ, బియ్యపు గింజంత పిల్ల.
అది గూడ బిడ్డకు రెండో ట్యాంకు నింపి
మూత బిగించి ఎగిరిపోయింది.

హమూద్ అద్దాలు ముక్కు మీదికి జార్చి చూసిండు.
చాన సేపు చూసిండు.
"రాత్రంతా నన్ను ఎడారిల పండబెట్టింది వీడా?" అన్నడు.
పారెయ్యమంటడనుకున్న.
అగ్గిపెట్టె ఖాళీ చేసి ఇచ్చిండు.

గూటిని కిటికీ గట్టు మీద నీడకు పెట్టిన.
పని కూలి రెండు రియాళ్లు తీసుకున్న.
పగటాల దాక ఓనరు నాతోని మాట్లాడలే.

గొట్టం నోటికి మళ్ల మన్ను పడకుండ ఏదన్న కట్టాలె.
షెడ్డంత దేవులాడిన, సరిపోయే జాలి దొరకలే.
చాయ్ వడపోసే జాలిని ఓ మూల కత్తిరించి
తీగ చుట్టి బిగించిన.
పోయేటప్పుడు హమూద్ రెండు ట్యాంకులూ నింపుకున్నడట.

ఆ దినంకెల్లి మా షెడ్డు చాయ్‌ల పొట్టు వస్తది.
అందరూ ఉమ్ముకుంట తాగుతున్నరు,
ఇంకా ఎవ్వరూ అడుగలే.